సరంగు పలకని మాట

ఓలేటి నాగూరు ముప్ఫయ్యెనిమిదేళ్లుగా గోదావరి మీద లాంచీ నడుపుతున్నాడు. వరద నీటిలో నడిపాడు, పొగమంచులో నడిపాడు, ఒకసారి చుక్కాని విరిగితే వంటగది తలుపు ఊడదీసి దాంతో ఒడ్డుకు చేర్చాడు. అటువంటి సరంగు రేడియో లైసెన్సు పరీక్షలో రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ఒకే ప్రశ్న దగ్గర, ఒకే ఒక్క మాట దగ్గర తప్పాడు.

సముద్రం మీద ఓడలకు ఉండే రేడియో ఇకనుంచీ నదుల్లో తిరిగే ప్రయాణికుల పడవలకూ ఉండాలని కొత్త నిబంధన వచ్చింది. రేడియోకి ఒక లైసెన్సు, అందులో మాట్లాడే మనిషికి ఇంకో లైసెన్సు. నిబంధన రాసిన మహానుభావుల లెక్కలో నీళ్లంటే సముద్రమే కాబట్టి దరఖాస్తు కూడా సముద్రపుదే వచ్చింది. మీ ఓడ ఏ దేశపు జెండా కింద తిరుగుతుంది, తీరం నుంచి ఎంత దూరంలో ఉంటుంది అని అందులో అడిగారు. నాగూరు మొదటిదానికి 'ఇక్కడిదే' అనీ, రెండోదానికి 'ఎటు చూసినా తీరమేనండి' అనీ రాసి సంతకం పెట్టాడు. అది నిజం కూడాను.

పరీక్ష పెట్టేది భమిడి విశ్వపతి గారు. ఆయన చెడ్డవారేమీ కాదు గానీ, నిబంధనల పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునే రకం. పడవకు ప్రమాదం వచ్చిందనుకుని రేడియోలో సాయం అడగాలి, అదీ పరీక్ష. ముందు 'మేడే' అని మూడుసార్లు, తర్వాత పడవ పేరు మూడుసార్లు, ఆ తర్వాత ఉన్న చోటు, వచ్చిన ఆపద, పడవలో ఎంతమంది మనుషులు. నాగూరు మేడే అన్నాడు, 'శ్రీ గంగానమ్మ' అని పడవ పేరు చెప్పాడు, చోటు చెప్పాడు. ఆపద దగ్గరికొచ్చేసరికి గొంతు సవరించుకుని, "పడవకి కాస్త నలతగా ఉందండి" అన్నాడు.

విశ్వపతి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నలత అంటే చాలదనీ, పడవ మునిగిపోతోందని స్పష్టంగా చెప్పాలనీ అన్నారు.

"ఆ మాట నేననను బాబూ. పడవ వింటాది."

సంగతేమిటంటే, నాగూరు ఇంట్లో మూడు తరాలుగా ఆ మాట ఎవరూ నోటితో పలకరు. పడవ చుక్కాని మాటే కాదు, సరంగు నోటి మాట కూడా వింటుందనీ, ఆ మాట అంటే ఆజ్ఞ అనుకుని ఆ పని చేసి కూర్చుంటుందనీ అతని తండ్రి చెప్పాడు. అందుకని ఆ ఇంట్లో ఇడ్లీ సాంబారులో స్నానం చేస్తుంది. మునగకాయని కూడా సాంబారు కాయ అనే పిలుస్తారు. పెళ్లయి వచ్చిన కొత్తలో నూకాలు ఇదంతా చూసి పుట్టింటికెళ్లి నవ్వి నవ్వి చెప్పిందిగానీ, తర్వాత తనకీ అదే అలవాటైపోయింది. అతను ఏ పెద్ద కష్టాన్నయినా నలత అనో, నిండిందనో తేలిక చేసి చెబుతాడని ఆవిడ కనిపెట్టేసి, అతని మాటలకు కంగారుపడటం మానేసింది.

మూడోసారి కూడా తప్పితే మూడేళ్లదాకా పరీక్షకు రానివ్వరు. ఇచ్చిన గడువు కూడా ఆ పరీక్షతో తీరిపోతుంది, ఆపైన లైసెన్సు లేని సరంగు లాంచీ తీయకూడదు. అంటే గంగానమ్మ మూడేళ్లు రేవులో కట్టుగొయ్యకి కట్టేసి ఉండాలి, నాగూరు మూడేళ్లు దాని ఎదురుగా గట్టు మీద కూర్చోవాలి. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా అతనికి అన్నం సయించేది కాదు.

ఈలోగా మేనకోడలు వీరవేణి కాకినాడ నుంచి ఒక పెట్టె పట్టుకుని దిగింది.

వీరవేణి అక్కడి ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. కొండల మధ్య రేడియో మాట అందదు, ఎదురుగా కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. ఆ అడ్డు దాటించడానికి రాగి తీగ చుట్టిన గుమ్మడికాయంత పెట్టె ఒకటి తయారుచేసింది. పడవ మీద మాట్లాడే యంత్రం, ఇంటి దగ్గర వినే పెట్టె. ఛార్జింగు కోసం మాట్లాడే యంత్రాన్ని అరుగు మీద మావయ్య పడుకున్న మంచం పక్కన పెట్టి, వినే పెట్టెను వంటింటి గూట్లో పెట్టి, అన్నం తినడానికి కూర్చుంది.

గూట్లో పెట్టె గరగరమని, "నూకాలూ, మాగాయ ఉందేటే?" అంది. నాగూరు గొంతే.

నూకాలు గరిటె పట్టుకుని అరుగు మీదికి తొంగిచూసింది. మొగుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. నిద్రలో కూడా మాగాయేనా అని విసుక్కుని లోపలికొచ్చింది. పదకొండు నిమిషాల తర్వాత నాగూరు లేచి, ఒళ్లు విరుచుకుని, పక్కనున్న యంత్రం చూసి సరదాపడి మీట నొక్కి, "నూకాలూ, మాగాయ ఉందేటే?" అన్నాడు. పెట్టె మాత్రం ఈసారి కిక్కురుమనలేదు. వీరవేణి కంచంలో చెయ్యి అలాగే పెట్టి, ఎడం చేత్తో బొగ్గు ముక్క తీసుకుని గోడ మీద టైము రాసుకుంది.

తర్వాత రెండు నెలలు ఆ పిల్లకి నిద్రాహారాలు లేవు. మాట ఆ రాగి చుట్టలో పడి తిరిగి తిరిగి, బయల్దేరక ముందే గమ్యం చేరుతోందని మావయ్యకు విడమరిచి చెప్పింది. నాగూరు అది బాగానే అర్థం చేసుకున్నాడు, ఎదురు నీటి సుడిలో పడ్డ కొబ్బరికాయ కూడా అలాగే వెనక్కి పోతుందన్నాడు. ప్రయోగశాలలో ఎన్నివిధాల చూసినా తేడా పదకొండు నిమిషాలే. పైగా ఒకసారి వినపడిన మాట అనకుండా తప్పించుకోవడం ఎవరి వల్లా కాలేదు. వీరవేణికి దారి చూపించే ప్రొఫెసరు గారికి ఆ పెట్టెలో తన గొంతే "నాకు తెలీదు" అనడం వినిపించింది. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో తానెన్నడూ ఆ మాట అనలేదనీ, ఇప్పుడూ అననుగాక అననని ఆయన భీష్మించారు. సరిగ్గా పదకొండో నిమిషంలో, మీట మీద చెయ్యి వేసి కూర్చున్న మనిషిని స్టోరు రూము తాళం ఎక్కడుందని అటెండరు అడిగాడు. ఆయన ఆ మాటే అన్నారు.

కాలేజీలో అది వింతగా ఉందిగానీ, గంగానమ్మ మీదా ఇంట్లోనూ పెట్టి చూసినప్పుడు మాత్రం నాగూరు కాపురంలో చిచ్చు పెట్టింది. రేవు నుంచి అతను ఏదైనా చెబుదామనుకునేసరికి ఇంట్లో ఆవిడ వినేసి, ఎదురొచ్చి జవాబు చెప్పేది. అతను ఆలస్యమవుతుందని చెప్పబోయే లోపలే, ఎందుకాలస్యమని పక్కింటి ఫోనులో నిలదీసేది. ఇంకా అనని మాటకి తిట్లు తిని, తిన్నాక ఆ మాట అనాల్సి రావడం ఏ మగాడికైనా కష్టమే. క్రమంగా నాగూరు మాట్లాడటం తగ్గించాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నా నోట్లో మాట నాకంటే ముందు నీకే తెలిసిపోతే ఇంక నేనెందుకే?" అన్నాడు. నూకాలు నవ్వుదామనుకుని, అతని మొహం చూసి మానుకుంది. ఆ పూట ఆవిడ కూడా సరిగా తినలేదు.

మూడో పరీక్షా, పెట్టె తనిఖీ ఒకే రోజున పెట్టారు విశ్వపతి గారు. పెట్టె లైసెన్సు దరఖాస్తును ఆయన అప్పటికే ఒకసారి తిప్పి పంపారు. అందులో పంపిన సమయానికి ఒక గడి, అందిన సమయానికి ఒక గడి ఉంటాయి. అందిన సమయం పంపిన సమయానికి ముందుండటం నిబంధనలకు విరుద్ధమని ఎర్ర సిరాతో రాశారు. కళ్లారా చూడండి సార్ అని వీరవేణి బతిమాలితే, సరే, పడవ మీదికే వస్తానన్నారు.

ఆ రోజు గంగానమ్మను మాట్లాడుకున్నది విశ్రాంత ఉపాధ్యాయుల సంఘంవారు, ముప్ఫయ్యిద్దరు. చిన్న లాంచీ, నాగూరే సరంగు, కింద వంట నూకాలుది. వీరవేణి, విశ్వపతి గారు కలిపి మొత్తం ముప్ఫయ్యారుగురు. పరీక్ష ఉందని తెలియగానే సంఘంవారికి పాత ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఒకాయన నాగూరును పక్కకి పిలిచి, ప్రశ్న రెండుసార్లు చదువుకో, కంగారుపడకు అని చెప్పాడు. అధ్యక్షురాలు రిటైర్డు హెడ్మిస్ట్రెస్ దమయంతమ్మ గారు, చూసి రాసేవాళ్లెవరైనా ఉన్నారా అన్నట్టు పడవంతా ఒకసారి కలయజూశారు.

వినే పెట్టెను ముందు భాగంలో కుర్చీ మీద పెట్టి, విశ్వపతి గారు దాని ఎదురుగా కూర్చున్నారు. పదీ నలభైకి పెట్టె ఆయన గొంతుతోనే, "ఒకటి, రెండు, మూడు. ఇది జరిగే పని కాదు" అంది. ఆయన ఉలిక్కిపడి, తర్వాత నిదానించి, సరంగు గదికి వెళ్లి మాట్లాడే యంత్రం అటూ ఇటూ తిప్పి చూశారు. అది పనిచేస్తోందో లేదోనని మీట నొక్కి ఒకటి, రెండు, మూడు అన్నారు. అన్నాక గడియారం చూసుకుంటే పదీ యాభై ఒకటయింది. "ఇది జరిగే పని కాదు" అని ఆయన నోటివెంట దానంతటదే వచ్చేసింది. ఉపాధ్యాయులు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆ పెట్టెను నమ్మనివాళ్లు పడవ మీద లేరు.

పదకొండూ తొమ్మిదికి పెట్టె మళ్లీ గరగరలాడింది.

"మేడే, మేడే, మేడే. శ్రీ గంగానమ్మ, శ్రీ గంగానమ్మ, శ్రీ గంగానమ్మ. ఏనుగుతిన్నె పక్కన." తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నాగూరు గొంతు, ఎవరూ ఎన్నడూ వినని బిగ్గర గొంతు. "మునిగిపోతోంది. పడవ మునిగిపోతోంది. మనుషులం ఇద్దరం."

పైకొచ్చి చేతులు తుడుచుకుంటున్న నూకాలు అలాగే నిలబడిపోయింది. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆ మాట అతని నోట ఆవిడ వినలేదు. ఉత్తుత్తి పరీక్ష కోసం అతను ఆ మాట అనడని ఆవిడకి తెలుసు, వీరవేణికి తెలుసు, రెండుసార్లు పరీక్ష పెట్టిన విశ్వపతి గారికీ తెలుసు. లెక్కల మాస్టారొకాయన మెల్లగా, ముప్ఫయ్యారుగురిలో ఇద్దరు పోగా ముప్ఫయ్ నలుగురు ఏమైనట్టు అని అడిగాడు.

సరంగు గదిలోంచి నాగూరు కూడా అదంతా విన్నాడు. రెండు పక్కలా నిలువు కొండలు, కింద లోతు తెలియని నీళ్లు. పది నిమిషాల్లో చేరగలిగిన నేల ఏనుగుతిన్నె అనే ఇసుకదిబ్బ ఒక్కటే, ప్రమాదం జరుగుతుందని పెట్టె చెప్పిందీ అక్కడే. జరిగేదేదో ఇసుక మీద జరిగితే నయమని చుక్కాని తిప్పేశాడు. పక్కన నీళ్లలో పాత మోడు ఉందని మామూలు రోజుల్లో ఏ సరంగూ ఆ తిన్నెకు పడవ ఆనించడు. ఆ సంగతి తలుచుకునే తీరిక అతనికి లేదు.

గంగానమ్మ ముక్కు ఇసుకలో గుచ్చుకుని ఆగింది. వీరవేణి దిగడానికి బల్ల వేసింది. దమయంతమ్మ గారు వరస తప్పకూడదనీ, పొట్టివాళ్లు ముందు దిగాలనీ హుకుం జారీచేశారు. పొట్టివాళ్లెవరో తేలడానికి ఒక నిమిషం పట్టింది. అయితే ఉపాధ్యాయులు దిగుతూ దిగుతూ పులిహోర గంగాళం, పప్పు బానా, పెరుగు బిందె కూడా దించేశారు. పదకొండూ పదిహేనుకల్లా అందరూ తిన్నె మీదున్నారు. నాగూరు మాత్రం దిగలేదు. ప్రవాహం వెనక భాగాన్ని లాగుతోంది, ఇంజను ముందుకు నెట్టి చుక్కాని పట్టుకుని ఉంటే తప్ప పడవ లోతులోకి జారిపోతుంది.

వీరవేణి అడుగు భాగమంతా చూసొచ్చి చుక్క నీరు లేదంది. విశ్వపతి గారు ఇసుకలో నిలబడి నిబంధనల పుస్తకం తెరిచారు.

"వినవయ్యా నాగూరూ. పడవకి ఏమీ కాకుండా నువ్వు ఆ సందేశం పంపితే, అది తప్పుడు ప్రమాద సందేశం, నేరం. నిజంగా అయ్యి పంపితే, లైసెన్సు లేకుండా పంపినట్టు, అదీ నేరమే. నువ్వు పంపడం ఖాయం, మేమంతా విన్నాం. ఒక్కటే దారుంది. ఇప్పుడే పరీక్ష పెట్టేస్తాను. పరీక్షలో అన్నది నేరం కాదు."

ఆ నిబంధనల మనిషి తనను కాపాడటానికే చూస్తున్నాడని నాగూరుకి అర్థమైంది. కానీ అతని మనసు ఇంకోచోట ఉంది. ఇన్నాళ్లూ తన నోటిని ఆ పెట్టె ముందే దోచుకుంటోంది. ఈ ఒక్క మాటనీ దానికి ఇవ్వదలుచుకోలేదు. పరీక్ష చెబుతాడు, చివరిదాకా చెబుతాడు, ఆ మాట దగ్గర మాత్రం నోరు కుట్టేసుకుంటాడు. మూడేళ్లు గట్టు మీద కూర్చోవలసి వస్తే కూర్చుంటాడు. తండ్రి తనకు అప్పగించిన మాట, అది తనది.

అతను యంత్రం మీట నొక్కాడు. మేడే అన్నాడు, పడవ పేరు చెప్పాడు, ఏనుగుతిన్నె పక్కన అన్నాడు. మీట వదిలేసి పళ్లు బిగించాడు. తిన్నె మీద ముప్ఫయ్యిద్దరు మేష్టర్లు అందించకూడని జవాబును పెదాలతో అందిస్తున్నారు.

అప్పుడు కాళ్ల కింద పడవ వెనక్కి ఒరిగింది. ముందు భాగంలో బరువంతా దిగిపోయేసరికి ముక్కు తేలి, వెనక భాగం వెళ్లి నీళ్లలోని పాత మోడు మీద కూర్చుంది. రేకు చిరిగిన చప్పుడు కాళ్లకు తెలిసింది. వెనక్కి చూస్తే కింది గది కిటికీల దాకా నీళ్లొచ్చేస్తున్నాయి.

కింది గదిలో నూకాలు ఉంది. పెరుగన్నంలోకి నంజుకోవడానికి ఏమీ లేదా అని దమయంతమ్మ గారు అడిగితే, చుక్క నీరు లేదన్నారు కదా, తన తల్లి ఇచ్చిన మాగాయ జాడీ కోసం మళ్లీ పడవెక్కింది. నాగూరు చుక్కాని వదిలి దిగితే పడవ లోతుకి జారిపోతుంది. అతను కిందికి వంగి పిలిచాడు.

"నూకాలూ, పైకొచ్చెయ్యే. పడవకి నలతగా ఉంది."

"వస్తన్నా. జాడీకి మూత కట్టనీ."

"నిండుతోందే, రా."

"నిండనీ, వస్తన్నానంటే."

కాలి మడమలు తడిసినా ఆవిడకు తొందర లేదు, అతని నలతలు ముప్ఫయ్యేళ్లుగా చూస్తోంది. నాగూరు చెయ్యి తెలియకుండానే యంత్రం మీట మీద బిగుసుకుపోయింది. తండ్రి, పరీక్ష, పెట్టె అన్నీ ఎక్కడికో పోయాయి.

"మునిగిపోతోంది. పడవ మునిగిపోతోంది."

కింద జాడీ పడిన చప్పుడైంది. ఆ తర్వాత మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్న నూకాలు అడుగులు. పైకొచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. నాగూరు ఆవిడ వైపు చూశాడు, చేతిలో యంత్రం చూశాడు, అంత కంగారులోనూ పరీక్షలో ఇంకొకటి మిగిలి ఉందని గుర్తొచ్చింది.

"మనుషులం ఇద్దరం" అన్నాడు.

ఇద్దరూ చేతులు పట్టుకుని ముందు భాగం నుంచి ఇసుకలోకి దూకారు. గంగానమ్మ లోతుకి పోలేదు. మోడు పట్టుకున్నందువల్ల వెనక భాగం మీద చతికిలబడి, ముక్కు పైకెత్తుకుని అలాగే ఉండిపోయింది. తిన్నె మీద చప్పట్లు మోగాయి. నాగూరు మాత్రం ఇసుకలో కూలబడి, పడవ వైపు చూడలేక, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనన్నాను, అది విన్నాది" అన్నాడు. నూకాలు అతని తల పొట్టకి ఆనించుకుని, అది కాదు, నేను విన్నాను అంది.

విశ్వపతి గారు గడియారం చూశారు, పదకొండూ ఇరవై. తనిఖీ పుస్తకం తీసి, అందిన సమయం గడిలో పదకొండూ తొమ్మిది అనీ, పంపిన సమయం గడిలో పదకొండూ ఇరవై అనీ రాసి, ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, నిబంధన చూడకుండా సంతకం పెట్టారు. పరీక్ష కాగితంలో ఆపద స్వభావం స్పష్టంగా చెప్పాడనీ, మనుషుల సంఖ్య సరిగా చెప్పాడనీ రాశారు. చివర మాట అయిందని 'ఓవర్' అననందుకు రెండు మార్కులు తగ్గించారు. ఆ రెండు మార్కులూ కలపాలని ఉపాధ్యాయ సంఘం అక్కడికక్కడే తీర్మానం చేసిందిగానీ ఆయన ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం వేరే లాంచీ వచ్చి అందరినీ తీసుకెళ్లింది. గంగానమ్మను నాలుగో రోజున పైకి లాగారు, వెనక రేకు మార్చడానికి రెండు నెలలు పడుతుందన్నారు. పెట్టె చెప్పి ఉండకపోతే పడవ ఆ తిన్నె దగ్గరికే వెళ్లేది కాదని వీరవేణి తలపట్టుకుని కూర్చుంది. అది కాపాడిందా, కూల్చిందా అని మావయ్యను అడిగింది. నాగూరు, అలాంటి ప్రశ్నలు నీ పరీక్షలో రాకుండా చూసుకో అన్నాడు. వారం తర్వాత పెట్టె దరఖాస్తు మళ్లీ తిరిగొచ్చింది. సమయాలు స్వయంగా చూశాననీ, నిజమేననీ, కానీ ఇటువంటి యంత్రానికి తమ దరఖాస్తులో గడి లేదు కాబట్టి లైసెన్సు ఇవ్వలేమనీ విశ్వపతి గారు రాశారు. వీరవేణి ఆ కాగితాన్ని మడిచి, ఎవరికీ చెప్పకుండా సంతోషపడి, రాగి తీగ విప్పేసింది.

నాగూరు లైసెన్సు మాత్రం టపాలో వచ్చింది. భూమ్మీద ఉన్న అన్ని సముద్రాల్లోనూ చెల్లుతుందని అందులో ఉంది. గోదావరి సంగతి రాయలేదు. నూకాలు దానికి పసుపు బొట్టు పెట్టి వంటింటి గూట్లో, పెట్టె ఉన్న చోటే పెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం నాగూరు కంచం ముందు కూర్చున్నాడు. అన్నంలో చెయ్యి పెట్టి ఆగాడు. ఏమడగబోతున్నాడో నూకాలుకి తెలుసు, దానికి ఏ పెట్టే అక్కర్లేదు. నోటిదాకా వచ్చిన జవాబుని ఆపుకుని, గరిటె పట్టుకుని, అతను అడిగేదాకా ఓపిగ్గా నిలబడింది.

"నూకాలూ, మాగాయ ఉందేటే?"

"జాడీ గోదాట్లో స్నానానికెళ్లింది" అంది నూకాలు. "ఇంకా రాలేదు."